ఊరడింపు నవలలు

ఇటీవల మన పట్టణములలోని పుస్తకశాలలయందు ఒక విధమైన నవల విరివిగా కానవచ్చుచున్నది. అట్టమీద పిల్లియో, కాఫీ కప్పో, దీపము వెలుగుచున్న కిటికీయో యుండును. లోపల నొక చిన్న చోటుండును. అది కాఫీ హోటలు కావచ్చును, పాత పుస్తకముల యంగడి కావచ్చును, బట్టలుతుకు యంత్రములుంచిన గది కావచ్చును. అచ్చటికి తల్లిని పోగొట్టుకొన్న కుమార్తెయో, భర్తను పోగొట్టుకొన్న యువతియో వచ్చును. మితభాషియైన యొక మంచి మనిషి వారికి వేడిగా నేదో యిచ్చును. ఇన్నూరు పుటలు ముగియునప్పటికి వచ్చినవారు కన్నీరు తుడుచుకొని, తేలికపడిన మనస్సుతో వీథిలోనికి నడచిపోవుదురు. జపానులోను కొరియాలోను పుట్టిన యీ నవలలు ఇంగ్లీషు మూలముగ మనకు వచ్చి, మన యిండ్లలోని చదువుకొన్న స్త్రీలకును కళాశాల విద్యార్థులకును మిక్కిలి ప్రీతిపాత్రములైనవి. తెలుగులోను ఈ పోకడ కథలు వచ్చుచున్నవి.

వీనిని జూచి ముక్కు విరచు పండితులున్నారు. మేము వారిలో చేరము. ఇంటిలో చావు జరిగిన పిమ్మట, రాత్రి రెండు గంటలకు నిద్రపట్టక పుస్తకము తెరచిన మనిషికి ఆ పుస్తకము తెల్లవారువరకు తోడుగా నుండెనేని, అది చిన్న యుపకారము కాదు. మా ప్రశ్న వేరు. ఆ పుస్తకము ఆ మనిషికేమి చెప్పుచున్నది? తెల్లవారిన పిమ్మట ఆమె చుట్టునున్న బంధువులకేమి నేర్పుచున్నది?

ఈ నవలలను మెచ్చుకొనువారి నోట తరచుగా వినబడు మాట ‘క్లోజరు’. మన బిడ్డలు తెలుగు మాటలాడుచు నడుమ నీ పదమును యథాతథముగ వాడుచున్నారు. దీనికి తెలుగేమియని మా విద్యార్థులడిగినప్పుడు మేము చాలసేపు వెదకితిమి. ముగింపు కథకు చెందినది. పరిసమాప్తి గ్రంథమునకును యజ్ఞమునకును చెందినది. ఉపశమనము వ్యాధికి చెందినది. చెల్లు అన్నది అప్పునకు చెందినది. దుఃఖమునకు మనవారు వాడిన మాట ఊరట. ఊరట యనగా కొంత తగ్గుట, కొంత యోర్చుకొనుట. ముగిసినదన్న యర్థ మందులో లేదు. భాషలో మాట లేకపోవుట లోపమా, తెలివియా యన్న విషయము వ్యాసము సాగిన కొలది తేలగలదు.

విమర్శ చేయునపుడు ఆ జాతిలో మంచిదానిని తీసికొనుట న్యాయము. తొషికజు కవగుచి యను జపాను రచయిత 2010 లో నాటకముగ నాడించి, 2015 లో నవలగ ప్రకటించిన గ్రంథమొకటి కలదు. 2019 లో అది ఇంగ్లీషున వచ్చినది. కాఫీ చల్లారకముందు అని దాని పేరున కర్థము. టోకియోలో నేలమాళిగయందొక పాత కాఫీ హోటలు, అందొక కుర్చీ, ఆ కుర్చీలో కూర్చున్నవారు తాము కోరిన గతకాలమునకు పోవచ్చును. కాని నియమములు కఠినములు. కుర్చీ విడిచి లేవరాదు. కాఫీ చల్లారకముందే త్రాగి తిరిగి రావలెను. అన్నిటికన్న ముఖ్యమైనది, గతములో నేమి చేసినను వర్తమానము మారదు. పోయినవారు పోయినవారే.

ఈ చివరి నియమము రచయితకు పెద్ద మార్కులు తెచ్చునది. కాలయానపు కథలు సాధారణముగ జరిగినదానిని తుడిచివేయు దురాశతో నడచును. ఇచ్చట నా యాశ మొదటనే తెంపివేయబడినది. అందువలన గతమునకు పోవు మనిషి మార్చుటకు గాక, వినుటకును చెప్పుటకును మాత్రమే పోవును. నలుగురి కథలలో నొక నర్సు కథ మాకు మిగుల నచ్చినది. ఆమె భర్తకు మతిమరపు రోగము. భార్యను గూడ మరచినాడు. ఆమె గతమునకు పోయి, అతడు వ్రాసి యీయలేక దాచుకొనిన జాబును తెచ్చుకొనును. తనకు నర్సుగ గాక భార్యగ నుండుమని యందు వ్రాసియుండును. మరునాడును అతడామె నెరుగడు. ఆమె మాత్రము భార్యగనే యెదుట కూర్చుండును. ఇందులో మోసము లేదు. రోగము తగ్గలేదు, దుఃఖము తీరలేదు, నడవడి మాత్రము మారినది. ఇట్టి ఘట్టము వ్రాసినవానిని కన్నీటి వర్తకుడని కొట్టివేయుట తగదు.

అక్కచెల్లెండ్ర కథకు వచ్చునప్పటికి నేల జారుచున్నది. ఇల్లు విడిచి పట్టణమున మద్యశాల నడుపు అక్కను జూడవచ్చి, చూడలేక తిరిగిపోవుచు, చెల్లెలు మోటారు ప్రమాదమున మరణించును. అక్క గతమునకు పోయి చెల్లెలితో మాటలాడి వచ్చి, వెంటనే మద్యశాల మూసి, పుట్టినింటి సత్రమును నడుపబోవును. చెల్లెలి కోరిక తీరినది, తలిదండ్రులకు బిడ్డ దక్కినది, లెక్క సరిపోయినది. చదువరికి కన్నీరు వచ్చును, మాకును వచ్చినది. పుస్తకము మూసిన యరగంటకు మేమాలోచించినది వేరు. ఆ యక్క నాలుగవ నెలలో నొక రాత్రి సత్రపు లెక్కలు వ్రాయుచు చెల్లెలి చేవ్రాత జూచినప్పు డేమైయుండును? ఆ రాత్రిని రచయిత వ్రాయలేదు. ఈ జాతి నవలలలో నా రాత్రి యుండదు.

ఆ కుర్చీ సంగతి యింకొకటి కలదు. అది యెప్పుడును ఖాళీగా నుండదు. తెల్లని దుస్తులు ధరించిన యొక స్త్రీ పుస్తకము చదువుచు నందు కూర్చుండి యుండును. ఆమె మనిషి కాదు, ప్రేతము. చనిపోయిన భర్తను చూడబోయి, కాఫీ చల్లారుచున్నను తిరిగి రాలేకపోయినది. దినమున కొకమారు లేచినప్పుడే యితరులకు చోటు దొరకును. బలవంతముగ లేపినచో శాపము తగులును. తరువాతి సంపుటమున నామె కాఫీ పోయు యువతికి తల్లి యని తెలియును. మొదటి సంపుటమున నామెకు పేరు కూడ లేదు. తక్కినవారికి హెచ్చరికగా నామె యచ్చట నుంచబడినది.

మేమెరిగిన యొక కుటుంబము కర్నూలులో నున్నది. వారి కోడలు ముప్పదియెనిమిదేండ్ల వయస్సున భర్తను పోగొట్టుకొన్నది. ఎనిమిది నెలలు గడచిన పిమ్మట, ఆమె యింకను నవ్వుటలేదని బంధువు లొకరు ఈ జపాను నవలను ఆమెకు బహుమానముగ నిచ్చిరి. ఆమె చదివి, మేమా యింటికి పోయినప్పుడు పుస్తకము మా చేతికిచ్చి యడిగినది: “అందరూ కాఫీ తాగి ఇండ్లకు పోయినారు గదా అయ్యవారూ, ఆ కుర్చీలో ఉండిపోయినాయమ్మ సంగతేమి? ఆయమ్మ తప్పేమి చేసింది?” ఇరువదేండ్లకు పైగా పాఠములు చెప్పుచున్న మాకు ఆ గ్రంథమును గూర్చి ఇంతకంటె సూటియైన విమర్శ తోచలేదు. ఆమె ప్రశ్నను మేమిచ్చట విస్తరించుచున్నాము, అంతియే.

కుర్చీలోని స్త్రీ చేసిన తప్పు తిరిగి రాకపోవుట. మిగిలినవారు మన యాదరమునకు పాత్రులైనది వారు సమయమునకు తిరిగి వచ్చుటచేత. అనగా ఈ నవలలు దుఃఖితుని ప్రేమించును గాని, గడువు పెట్టి ప్రేమించును. గడువులోగా తేరుకొన్నవాడు కథానాయకుడు, తేరుకొననివాడు ప్రేతము.

సంస్కారమును కోరు చదువరులు ఈ గడువును గూర్చి యొక్క క్షణ మాలోచింపవలెను. మన తాతల కాలమున భర్త పోయిన స్త్రీకి దుఃఖము విధిగ నుండెడిది. తల గొరిగి, ముసుగు కప్పి, మూలగదిలో గూర్చుండబెట్టి, ఆమె శోకమును లోకమునకు చూపుడు వస్తువుగ జేసిరి. 1856 లోనే శాసనము పునర్వివాహమునకు దారి యిచ్చినను, రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించునప్పటికి 1881 డిసెంబరు వచ్చినది. నీవు జీవితాంతము దుఃఖింపవలెనని శాసించు సంఘముతో వారు పోరాడిరి. ఆ పోరాటము నేటికిని పూర్తికాలేదు. పదవనాడు నలుగురి నడుమ గాజులు పగులగొట్టు క్రూరకర్మను మేమెన్నో యిండ్ల జూచితిమి. ఇప్పుడు చదువుకొన్న కుటుంబములలో దానికి తలక్రిందులైన యాజ్ఞ యొకటి బయలుదేరినది. నీవు ఎనిమిది నెలలలో నవ్వవలెను. నవ్వకున్నచో నీయందేదో లోపము. విధించువారు మారిరి, విధింపబడునది మారినది, విధించుట మాత్రము మారలేదు. రెండిటను ఆ స్త్రీ నెవ్వరును అడుగలేదు.

పాత కర్మకాండలో నొక్క మంచి కలదని చెప్పుటకు మేము జంకము. పదునొకండవనాడు, పండ్రెండవనాడు, మాసికము, సంవత్సరాంతమున ఆబ్దికము. ఆ పిమ్మట ఏటేట నా తిథి వచ్చును. అందలి దానములను పురోహితుల పట్టికలను మేము సమర్థించుట లేదు. కాని యా తిథినాడు ఇంటివారందరు పోయినవాని పేరు పెద్దగా పలుకవలెను. ఆనాడు కన్నీరు వచ్చినచో నెవ్వరును వింతగా జూడరు. ముప్పదియేండ్ల తరువాతనైన నంతే. దుఃఖము ముగిసినదని యా పద్ధతి యెన్నడును చెప్పలేదు. దానికొక దినమును కేటాయించినది. ఇంగ్లీషు కవులలో టెన్నిసను తన స్నేహితుడు 1833 లో మరణించిన పిమ్మట పదునేడేండ్లకు గాని తన శోకకావ్యమును ప్రకటింపలేదు. ఆ కాలమున నతని నెవ్వరైన కాఫీ హోటలునకు పంపియుందురా యని మాకొక చిన్న సందేహము.

పోయినవారిని తిరిగి కలిసికొను కథ మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. భవభూతి ఉత్తరరామచరితమున తృతీయాంకమును జూడుడు. సీతను విడిచిన పండ్రెండేండ్లకు రాముడు జనస్థానమునకు వచ్చును. ఆమె మేపి పెంచిన యేనుగు గున్న పెద్దదైనది. ఆమె యాడించిన నెమలి యున్నది. చెట్లు, రాళ్లు, నదీతీరము అన్నియు నున్నవి. సీతయు నున్నది, భాగీరథి వరముచే నెవ్వరి కంటికిని కనబడక. మూర్ఛిల్లిన రాముని ఆమె చేయి తాకి తేర్చును. అతడు స్పర్శ నెరుగును, మనిషిని కానడు. జపాను కుర్చీ కంటె నీ యేర్పాటు ఎంత కఠినమైనదో చదువరులు గమనింతురు గాక. అంతకంటె ముఖ్యము, అచ్చట వాసంతి యను వనదేవత కలదు. ఆమె రాముని నోదార్చుటతో సరిపెట్టక నిలదీయును. సీత యేమైనది, నీవేల యట్లు చేసితివి యని యడుగును. రాముని దుఃఖమునకు రాముడే కారణము. ఏడవ యంకమున భవభూతి వారిద్దరిని కలిపినాడు, వాల్మీకి కథను మార్చి కలిపినాడు. సంస్కృత నాటకమునకు శుభాంతము విధి. అయినను ఆ శుభాంతమును మనము నమ్ముట వాసంతి ప్రశ్నలు ముందుగ విన్నందువలననే.

ఊరడింపు నవలలలో వాసంతి లేదు. అందలి చావులు రోగమువలననో ప్రమాదమువలననో వచ్చును; ఎవరిని నిలదీయవలసిన పని యుండదు. మన కర్నూలు కడప సీమలలో నిట్టి నిర్దోషమైన దుఃఖము ఎంత యున్నది? అనావృష్టి, అప్పు, ముఠాకక్షలు, ముంపు. ప్రతి దుఃఖమునకు వెనుక నొక కాగితమో, ఒక కత్తియో, ఒక నిర్ణయమో కలదు.

శ్రీశైలమునే తీసికొందము. శిఖర దర్శనము చేసినవారికి పునర్జన్మ లేదని మనవారి నమ్మకము. శిఖరేశ్వరమున నంది యెదుట నువ్వులుపోసి, కొమ్ముల నడుమనుండి శిఖరమును వెదకువారి ముఖములు జూచినవారికి, అంతమును కోరుట మనుష్యునకెంత సహజమో తెలియును. ఆ కొండల క్రిందనే కృష్ణపై ఆనకట్టకు 1960 లో పునాది వేసిరి. 1981 లో జలాశయము నిండనారంభించినప్పుడు కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో సుమారు నూరు గ్రామములు మునిగినవి. ఊళ్లతోబాటు ఊరి బయటి సమాధులును మునిగినవి. తండ్రి సమాధిపై ఏటికొకమారు పూలుంచువాడు ఆ మీదట నెక్కడ నుంచవలెను? పరిహారము లెక్కించిన పట్టికలలో నీ పద్దు లేదు. ముంపు కుటుంబమున కొకరికి ఉద్యోగమీయవలెనని 1986 లో 98వ నెంబరు జీవో వెలువడినది. దాని యమలుకై ఆ గ్రామముల బిడ్డలు దశాబ్దములు ధర్నాలు చేసిరి.

ముచ్చుమర్రి చెంత ఏడు నదుల సంగమమున నున్న సంగమేశ్వరము కథ మన చదువరులలో పలువురెరిగినదే. వేపదారు లింగము గల యా దేవాలయము జలాశయ గర్భమున మునిగినది. వేసవిని నీరు తగ్గిన యేడు గోడలు బయటపడును. జనులు పడవలపై పోయి దర్శింతురు. వానకాలమున నీరెక్కి వచ్చినప్పుడు శిఖరమునకు చివరి హారతి యిచ్చి వత్తురు. అచ్చటికి వచ్చు ముసలివారిలో కొందరు దేవుని జూచిన పిమ్మట గుడికి వెన్నుజూపి నిలిచి, బురదలో తమ వీథి ఎటనుండెనో చేతితో చూపుకొందురు. మేము చెప్పిన కోడలి తలిదండ్రులది ఇట్టి మునిగిన యూరే. ఈ జనులకు క్లోజరు ఎప్పుడు? నీరు తగ్గినప్పుడా, నిండినప్పుడా? వారి కది యక్కరలేదు. ఏటి కొకమారు చూడనిచ్చిన చాలును.

మన సీమ కథకులు ఈ దుఃఖమును వ్రాయలేదనరాదు. కేతు విశ్వనాథరెడ్డిగారు మొదలుకొని పలువురు పల్లె కష్టమును దాని కారణములతో సహా వ్రాసిరి. 1996 లో వారి కథలకు సాహిత్య అకాడమి బహుమతి వచ్చినది. ఒక్క మాట చనువుతో చెప్పెదము. మన కథలలో తరచుగా దుఃఖితుడు సాక్షిగా పిలువబడును. కరువునకు సాక్ష్యము, కక్షలకు సాక్ష్యము. సాక్ష్యము చెప్పిన పిమ్మట నతని యింటికి పోయి కూర్చుండువారు తక్కువ. మన బిడ్డలు జపాను కాఫీ హోటలునకు పోవుటలో నీ కొరతకు కొంత పాలు కలదు. రెండును గూడిన గ్రంథములు లేకపోలేదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి కొండపొలము కరువున గొర్రెల మందలను దోలుకొని నల్లమలకు పోవు కాపరుల కథ. 2019 లో తానా బహుమతి పొందినది. అందు అడవి భయపెట్టును, మనుష్యులు కాపాడుదురు, కరువు కరువుగనే యుండును. 2021 లో దానిని చలనచిత్రముగ దీసినవారు మూలమున లేని కథానాయిక నొకతెను చేర్చిరి. గొర్రెలు, పులి, తండ్రి, కరువు చాలలేదు కాబోలు.

ఇక తెలుగులో దుఃఖమును ప్రేమను గూర్చి వచ్చిన నవలలలో మేమెక్కువమార్లు చదివినది బుచ్చిబాబుగారి చివరకు మిగిలేది. 1946-47 లో ధారావాహికగ వెలువడిన గ్రంథము. పేరులోనే ముగింపును గూర్చిన ప్రశ్న యున్నది. దయానిధి యను వైద్యుడు తల్లిని గూర్చి లోకమాడు మాటను బాల్యమునుండి మోయును. ప్రేమించిన స్త్రీలు దూరమగుదురు. భార్య ఇందిర క్షయతో మరణించును. కోస్తా విడిచి అతడు అనంతపురము జిల్లాలోని వజ్రకరూరునకు వచ్చును, వజ్రము దొరకును. (కోస్తా రచయితకు మా నేల వజ్రములు దొరకు చోటుగ దోచుట మాకు కొంత నవ్వు తెప్పించినది. తొలకరి పడినంతనే ఆ చేలలో వజ్రములకై వంగి వెదకు జనుల నడుములను అడిగినచో వేరు కథ చెప్పును.) ధనము వచ్చినను, ఆస్పత్రి కట్టినను, నిందయు దుఃఖమును అతనితోనే వచ్చినవి. రచయిత యతనిని తొందరపెట్టలేదు. తల్లిని క్షమించుమని గాని, మరచిపొమ్మని గాని చెప్పలేదు. ఆమె చుట్టు లోకమల్లిన నీడను పుట పుటకును చూపి, ఆ నీడ యెవరిదని అడిగినాడు. వాసంతి చేసిన పనియు నిదియే.

ఈ గ్రంథమునందును లోపములు లేకపోలేదు. దయానిధి తన దుఃఖమును గూర్చి తానాలోచించుకొను పుటలు కొన్ని విసుగు పుట్టించును. స్త్రీలందరును అతని మనస్సునకు అద్దములైనంతగా తమకు తాము మనుష్యులు కారు. ఇందిర దగ్గుచు పడకపై నున్నప్పు డామె మనస్సున నేమున్నదో తెలిసికొనవలెనని మేము చదివినప్పుడెల్ల కోరితిమి. జపాను నర్సు కథలోని భార్య, పుటలు తక్కువైనను, ఇందిరకంటె స్పష్టముగ కనబడును. ఈ విషయమున నా చిన్న పుస్తకమే మెరుగు.

ఆ కోడలికి మేము తిరిగి యేమి పుస్తకమీయవలెనని కొంతకాల మాలోచించితిమి. తుదకు బుచ్చిబాబు నవలను తీసికొనిపోయి, ఇందిర మరణించు ఘట్టమున్నదని ముందుగనే చెప్పి, ఇష్టమున్నచో చదువుమని, లేకున్న నూరకుండుమని యిచ్చితిమి. ఆమె పుస్తకము తీసికొని, జపాను నవలను మాత్రము తిరిగి యీయలేదు. తన దగ్గరనే యుంచుకొందునన్నది. నర్సు జాబు ఘట్టమును మరల చదువుకొనవలెనట. బహుమానమిచ్చిన బంధువులకు మాత్రము, ఎనిమిది నెలల లెక్క మానుకొనుడని మేము చెప్పి వచ్చితిమి. వారికి కోపము వచ్చినది.